చెయ్యి దాటిన తాళం చెవి

పోయినవారం పలకలమ్మని ఆ కంపెనీ నాలుగో అంతస్తులో, అద్దాల తలుపు ముందు నిలబెట్టి వదిలేశాం. చేతిలో తెర నల్లబడిపోయిన మాట్లాడే పలక, పక్కన ఆ పలక యజమాని టైలర్ మాస్టారు. తలుపు మీద పేరు కింద రాసి ఉన్న హోదా చదవగానే ఆవిడకి అర్థమైపోయింది. తన భర్త సంతకాన్ని నిషేధించిన అధికారి మరెవరో కాదు, ఆయన సొంత తమ్ముడు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం కథ నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. గొంతు ఆపరేషన్‌తో మాట పోయినవాళ్ళకీ, పక్షవాతంతో నాలుక మొద్దుబారినవాళ్ళకీ ఆవిడ భర్త పలక కంప్యూటర్లు కొని సిద్ధంచేసి ఇచ్చేవాడు. వాటిలో ఆయన తానే రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేవాడు. వేలితో అక్షరాలు నొక్కితే పలక పైకి మాట్లాడుతుంది. పలకలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది భార్య కాబట్టి ఆవిడకి పలకలమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది.

అయితే ఆ పలకల్ని తయారుచేసే కంపెనీ ప్రతిదాంట్లోనూ ఒక కాపలా పెట్టింది. స్విచ్ వెయ్యగానే ముందు కాపలా లేస్తుంది. లోపల నడవబోయే సిస్టమ్ మీద ఎవరి సంతకం ఉందో చూస్తుంది. కంపెనీ ఒప్పుకున్న జాబితాలో ఆ సంతకం ఉంటే దారి వదులుతుంది, లేకపోతే తెర మీద "ఈ సిస్టమ్‌కు అనుమతి లేదు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటుంది. ఆ సంతకం కలంతో పెట్టేది కాదు. రహస్యంగా దాచుకునే ఒక చిన్న ఫైలుతో వేసేది. దాన్నే అందరూ తాళం చెవి అంటారు. కాపలాని ఆపేసే మీట ఒకటి పాత పలకల్లో ఉండేది, కంపెనీ దాన్ని ఎప్పుడో ఎత్తేసింది. అందుకని ఆయన రెండేళ్ళు ఆ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి తన సంతకాన్ని జాబితాలో చేర్పించుకున్నాడు.

ఆయన పోయి మూడు నెలలైంది. మొన్న సోమవారం కంపెనీ పంపిన అప్‌డేట్‌లో ఆయన సంతకం ఒప్పుకున్న జాబితాలోంచి నిషేధాల జాబితాలోకి మారింది. అది అందరికంటే ముందు టైలర్ మాస్టారి పలకకి అందింది. మిగతా నలభై రెండు పలకలకీ శుక్రవారం తెల్లవారేసరికి అందుతుంది. ఈ రోజు గురువారం.

మాస్టారిని బయట బల్ల మీద కూర్చోబెట్టి ఆవిడ లోపలికి వెళ్ళింది. బస్సులో వచ్చినంతసేపూ మనసులో మాటలు నూరుకుంటూనే వచ్చింది. అన్న మీద కక్ష అన్న బతికుండగా తీర్చుకోవాల్సింది, చచ్చినవాడి మీద చూపించడం మగతనమా అని అడగాలనుకుంది. తీరా లోపలికి అడుగుపెట్టేసరికి బల్ల వెనక కూర్చున్న మనిషిని గుర్తుపట్టడానికే ఒక క్షణం పట్టింది. మాసిన గడ్డం, లోపలికి పోయిన కళ్ళు. నవ్వితే అన్నలాగే ఎడమవైపు ముందు విచ్చుకునే పెదవులు ఇప్పుడు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. కిటికీ లేని గది, గోడ నిండా ఇనుప బీరువాలు, బల్ల మీద రెండు తెరల మధ్య తొరక కట్టిన టీ. ఆఫీసులో అతన్ని తాళాలాయన అంటారట. పాపం, ఆ పేరు పెట్టినవాళ్ళు వేళాకోళానికే పెట్టి ఉంటారు.

లేచి నిలబడి, కూర్చోండి వదినా అన్నాడు. ఆవిడ కూర్చోలేదు.

అన్నదమ్ములిద్దరూ ఒకే మంచం మీద, ఒకే దుప్పటి కింద పెరిగినవాళ్ళు. పన్నెండేళ్ళ కిందట ఒక ఆదివారం భోజనాల దగ్గర మొదలైన వాదం వాళ్ళని విడదీసింది. కొనుక్కున్నవాడి యంత్రంలో ఏది నడవాలో కొనుక్కున్నవాడే చెప్పాలి, తాళం చెవి వాడి దగ్గరే ఉండాలి అనేవాడు అన్న. కాపాడలేనివాడి చేతిలో తాళం చెవి పెడితే దొంగ చేతిలో పెట్టినట్టే, అది కాపాడటానికి ఇరవైనాలుగ్గంటలూ మెలకువగా ఉండేవాళ్ళు కావాలి అనేవాడు తమ్ముడు. ఒకడు ఎడ్డెమంటే ఇంకొకడు తెడ్డెం. మొదట్లో ఆవిడ ఇద్దరికీ మారు వడ్డిస్తూ, మీ తాళాల సంగతి తరవాత, ముందు చేతులెండిపోతున్నాయి చూసుకోండి అని నవ్వేది. తరవాత తరవాత నవ్వడం మానేసింది. తమ్ముడు ఈ కంపెనీలో చేరిన రోజున అన్న చొక్కా తొడుక్కుని బయటికెళ్ళి సాయంత్రం దాకా ఇంటికి రాలేదు. ఆ పైన ఇద్దరూ ఉప్పూ నిప్పూ అయిపోయారు.

ఆవిడ పలకని బల్ల మీద పెట్టింది. సోమవారం పొద్దున ఏం జరిగిందో చెప్పింది. ఒక పెళ్ళికూతురి తల్లి కొలతలు ఇస్తుంటే, చేతులు పొడుగు పెట్టమంటారా అని మాస్టారు అక్షరాలు నొక్కుతున్నారట. వాక్యం సగంలో పలక తనంతట తాను ఆగి, మళ్ళీ మొదలవబోయి, నల్లబడిపోయిందట. ఆ మనిషి పది నిమిషాలపాటు గాలిలో చేతులూపుతూ చెప్పబోతే, ఆ తల్లి భయపడి బట్ట వెనక్కి తీసుకుని వెళ్ళిపోయిందట. రేపు తెల్లారేసరికి ఇలాంటివాళ్ళు ఇంకో నలభై రెండుమంది.

"మీ అన్న మీద నీకెంత కోపమైనా ఉండనీ. ఈయన నీకేం చేశాడు?" అంది ఆవిడ.

అతను వెనక్కి తిరిగాడు. బీరువా తెరిచి, అట్ట మధ్య పెట్టిన ఒక కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు. చదవకముందే ఆవిడకి చేతిరాత తెలిసిపోయింది. అక్షరాలు కుడివైపు వాలిపోతూ, పంక్తి చివరికి వచ్చేసరికి కిందకి జారిపోతూ ఉన్నాయి. ఆఖరి నెలల్లో, మాట పోయాక, ఆయన అలాగే రాసేవాడు. ఆవిడ కూర్చుంది.

"తమ్ముడూ, పన్నెండేళ్ళ తరవాత రాస్తున్నాను, అదీ ఓడిపోయి రాస్తున్నాను. నా తాళం చెవి బయటికి పోయింది. ఎలా పోయిందో అడక్కు. అది ఎవరి చేతిలో పడినా నా సంతకంతో ఏ దొంగ సిస్టమ్ అయినా ఏ యంత్రంలోకైనా దూరగలదు. నా సంతకాన్ని నిషేధించు. కానీ ఆర్నెల్లు ఆగు. ఈలోగా కొత్త సంతకానికి దరఖాస్తు తయారుచేస్తాను, పలకలన్నీ దాని మీదికి మార్చాక పాతది కొట్టెయ్. నేను ఉంటే నేను మారుస్తాను. లేకపోతే మీ వదిన మారుస్తుంది. తనకి ఈ సంగతి చెప్పొద్దు."

రెండోసారి చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు అలికేసినట్టయిపోయాయి. నిషేధించమని అడిగింది ఆయనే. అయితే ఆవిడ చూపు ఆగింది అక్కడ కాదు. ఎలా పోయిందో అడక్కు అన్న ముక్క దగ్గర కాగితం మీద కలం ఆగి, సిరా చుక్క చిన్న మచ్చగా ఊరి ఉంది. ఎలా పోయిందో ఆ గదిలో తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

వాళ్ళ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఏ ఊళ్ళో పలక మొరాయించినా, అక్కడి టెక్నీషియన్ బాగుచేసిన ఫైలుని వీళ్ళకి పంపాలి. ఆయన మెడలోని దారానికి కట్టుకున్న తాళం చెవి ఉన్న చిన్న పుల్లలాంటి పెన్‌డ్రైవ్‌ని యంత్రానికి పెట్టి, ఫైలు మీద సంతకం వేసి, ఫైలు వెనక్కి పంపి, పుల్ల పీకి మళ్ళీ మెడలో వేసుకోవాలి. ఫైలు రావాలి, పోవాలి. తాళం చెవి మాత్రం గుమ్మం దాటకూడదు. స్నానానికి వెళ్ళినా ఆ దారం తీసేవాడు కాదు. మెడలో పసుపుతాడు నాకు, ఈ తాడు ఆయనకి అని ఆవిడ ఎన్నోసార్లు ఎగతాళి చేసింది.

జబ్బు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆయన రెండు రోజుల తరవాత మొదటిసారి నిద్రపోయాడు. ఇంజెక్షన్ పనిచేసి, ముడుచుకున్న కాళ్ళు వదులయ్యాయి. అప్పుడే ఫోన్ మోగింది. రేవు ఊరి టెక్నీషియన్. రిటైరైన బస్ కండక్టరుగారి పలక పనిచెయ్యడం లేదు, ఆయన్ని ఆస్పత్రిలో చేర్చారు, ఎక్కడ నొప్పో చెప్పుకోలేక ఏడుస్తున్నాడు, వెంటనే సంతకం వేసి పంపాలి అన్నాడు. ఆవిడ గదిలోకి వెళ్ళింది. ఆయన మొహం చూసింది. లేపడానికి చెయ్యి రాలేదు. దారం మెల్లగా తల మీంచి తీసింది. సంతకం వెయ్యడం వందసార్లు చూసిందే గాని ఎన్నడూ తన చేత్తో వెయ్యలేదు. రెండుసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లూ యంత్రం తప్పని చూపించింది. అక్కడ కండక్టరు ఏడుస్తున్నాడు. అప్పుడామెకి ఒక ఉపాయం తోచింది. ఫైలు తెప్పించి పంపే బదులు తాళం చెవినే పంపేస్తే ఆ టెక్నీషియనే వేసుకుంటాడు కదా, రేపు ఎల్లుండి కూడా ఈయన్ని లేపనక్కర్లేదు కదా అనుకుంది. పంపింది. పని అయ్యాక తుడిచేయమని చెప్పింది. తుడిచేశానని అతనూ చెప్పాడు. దారం మళ్ళీ ఆయన మెడలో వేసి, ఎంత బరువు దించుకున్నానో అనుకుంటూ పక్కనే కూర్చుంది.

ఆ సంగతంతా ఆవిడ మరిదికి తలవంచుకుని చెప్పింది.  

ఆ టెక్నీషియన్ యంత్రాన్ని మావాళ్ళు పోయినవారమే పరీక్షించారు, అతను నిజంగానే తుడిచేశాడు, కానీ అతని యంత్రంలో అప్పటికే ఎవడో పొంచి ఉన్నాడు అని చెప్పాడు మరిది. మీ యంత్రం నుంచి పంపిన ఫైళ్ళ జాబితాలో తాళం చెవి పేరు చూసుకున్న రోజే అన్నకి అంతా అర్థమై ఉంటుంది అన్నాడు. ఆయన ఆఖరి నెల ఎలా గడిచిందో ఆవిడ కళ్ళ ముందు మెదిలింది. రాత్రింబవళ్ళు ఆవిడ చేతిని పట్టుకునే ఉండేవాడు. ఏం కావాలని అడిగితే ఏమీ వద్దని తలూపేవాడు. ఆ చేత్తోనే తన పన్నెండేళ్ళ పంతాన్నీ, జీవితమంతా నమ్మిన మాటనీ ఆవిడ పోగొట్టిందని తెలిసి కూడా పట్టుకున్నాడు. ఒక్కసారి కోప్పడినా బాగుండేదనిపించింది. తిట్టి పోయినా ఇంత ఏడుపు వచ్చేది కాదు.

"మరి ఆర్నెల్లు ఆగమన్నారుగా," అంది తలెత్తి.

మరిది తన చేతులవైపు చూసుకున్నాడు. అతనూ అపరాధే అని అప్పుడు తెలిసింది. తాళం చెవి బయటికి పోయిందని తెలిసిన గంటలో నిషేధించాలి, అది అతని ఉద్యోగధర్మం. అన్న మొదటిసారి అడిగాడు కాబట్టి కాగితాన్ని బీరువాలో పెట్టి ఎవరికీ చెప్పలేదు. పదిరోజుల కిందట ఒక ఆస్పత్రిలో ఈ కంపెనీవే రక్తపరీక్షల యంత్రాలు మూడు రోజులు పడిపోయాయి. వాటిలోకి దూరిన దొంగ సిస్టమ్ మీద ఉన్నది అన్న సంతకం.

"మూడు రోజులు, వదినా. ఎవరి రక్తం ఏ గ్రూపో తెలియక డాక్టర్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకాయన పోయాడు. దానివల్లే పోయాడని ఎవరూ రుజువు చెయ్యలేరు. నేను మాత్రం రోజూ అదే అనుకుంటున్నాను. అన్న మాట కోసం ఆగాను. ఆగి ఉండకూడదు."

 తాళం ఎవరి దగ్గర ఉండాలన్న వాదంలో అన్న గెలిచాడో తమ్ముడు గెలిచాడో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? అన్న ఇంట్లోంచి తాళం పోయింది, తమ్ముడి బీరువాలో నిజం కుళ్ళిపోయింది. రెండిటికీ కారణం ఇంట్లోవాళ్ళ మీద ప్రేమే. చెప్పుకుంటే సిగ్గు, చెప్పుకోకపోతే కడుపులో మంట.

అతను కళ్ళు తుడుచుకుని రెండో కాగితం తీశాడు. కొత్త సంతకానికి దరఖాస్తు. అన్నే నింపి పంపాడు. దాన్ని ఈ రోజు ఆమోదిస్తే నలభై మూడు పలకలూ రేపు కూడా నడిచే దారి తాను రాత్రికల్లా చెయ్యగలనన్నాడు. ఆవిడ దరఖాస్తు చూసింది. తాళం చెవి ఎవరి సంరక్షణలో ఉంటుంది అన్న చోట, జారిపోతున్న ఆ అక్షరాలతోనే, "నా భార్య" అని ఉంది. అంతా తెలిశాక రాసిన మాట అది. తేదీ కూడా ఉత్తరం తరవాతి రోజుదే.

ఆవిడ ఆ రెండు మాటల మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. ఆ గదిలో ఆవిడ పైకి ఏడ్చింది అప్పుడే.

కింద సంరక్షకురాలు స్వయంగా నింపాల్సిన గడి ఒకటే మిగిలింది. గతంలో మీ చేతిలోని తాళం చెవి ఎప్పుడైనా ఇతరులకు చేరిందా? అవును, లేదు. మరిది గొంతు తగ్గించాడు. లేదు అని పెడితే తానే ముద్ర వేసి ఇప్పుడే పంపెయ్యగలడు. అవును అని పెడితే అది అతని బల్ల దాటి కమిటీకి పోతుంది. కమిటీ మూడింటికి కూర్చుంటుంది. పోగొట్టుకున్న మనిషికే మళ్ళీ తాళం ఇచ్చిన దాఖలా ఇంతవరకూ లేదు. పలకల తాళం కంపెనీ దగ్గరే ఉండాలంటారు, లేదంటే పలకలే వద్దంటారు.

"మీ చేతిలో అది ఎప్పుడూ లేదు, అన్న మెడలో ఉంది. లేదు అని రాస్తే పూర్తిగా అబద్ధం కూడా కాదు వదినా," అన్నాడు.

ఇంతసేపూ నిబంధనల మనిషిలా కూర్చున్నవాడు ఇప్పుడు వదిన కోసం రెండో తప్పుకి సిద్ధపడుతున్నాడు. ఆవిడ అతని మొహంలోకి చూసింది. ఆ ఆస్పత్రిలో పోయినాయన ఎవరో, ఆయన కోసం ఎవరు ఎదురుచూశారో తెలియదు. బయట కూర్చున్న మాస్టారు తెలుసు. మిగతా నలభై రెండుమంది ఇళ్ళ గుమ్మాలూ తెలుసు. వాళ్ళందరూ రేపు మాట్లాడాలంటే ఒక చిన్న గీత చాలు. ఆవిడ కలం తీసుకుంది. మీ అన్న నాకు చెప్పకుండా దాచాడు, నువ్వు అందరికీ చెప్పకుండా దాచావు, నేను కూడా దాస్తే ఇక ఈ ఇంటికి ఎవరూ తాళం ఇవ్వకూడదు అంది. అవును అన్న గడిలో గీత పెట్టింది.

మరిది కాగితం తీసుకుని కమిటీ గదిలోకి వెళ్ళాడు. ఆవిడ బయటికి వచ్చి బల్ల మీద మాస్టారి పక్కన కూర్చుంది. కమిటీ కంటే ముందు చెప్పాల్సిన మనిషి ఈయనే అనిపించింది. మీ మాట పోగొట్టింది మా మరిది కాదు మాస్టారూ, నేనే అని మొదలుపెట్టి, మధ్యాహ్నం నిద్రా, దారమూ, కండక్టరూ అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన నల్లటి తెరవైపే చూస్తూ ఉన్నాడు. మూడేళ్ళ కిందట ఆ పలక మొదటిసారి ఇచ్చినప్పుడు ఆయన నొక్కిన మొదటి మాట తన భార్య పేరు. పక్కగదిలోంచి ఆమె పరిగెత్తుకుంటూ వచ్చిన రోజు ఇద్దరికీ గుర్తే. 

ఆవిడ చెప్పడం అయిపోయింది. మాస్టారు జేబులోంచి కొలతల పుస్తకం తీశాడు. పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ రెండు మాటలు రాసి చూపించే మనిషి ఈసారి పేజీ నింపేశాడు, తిప్పి రెండో పేజీ కూడా మొదలుపెట్టాడు. ఆవిడ చదవబోతే అరచెయ్యి అడ్డం పెట్టాడు. అలా అడ్డం పెట్టడం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

కమిటీ గది తలుపు తెరుచుకుంది. ఆ పలకలు వాడేవాళ్ళ తరఫున ఒకరు వచ్చి తమ మాట చెప్పవచ్చని ఒక ఉద్యోగి పిలిచాడు. ఆవిడ లేవబోయింది. మాస్టారు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. పలకని ఆవిడ ఒళ్ళో పెట్టి, పుస్తకం మాత్రం తీసుకుని లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

తలుపు అద్దంలోంచి లోపల కనబడుతూనే ఉంది. బల్లకి ఆ చివర కూర్చున్న తెల్లజుట్టు పెద్దావిడ చెయ్యి చాపి పుస్తకం అందుకుంది. కళ్ళజోడు సరిచేసుకుని చదవసాగింది. మొదటి పేజీ పూర్తికాకముందే ఆగి, పక్కనున్న మరిదిని ఏదో అడిగింది. మరిది తలవంచుకున్నాడు. ఆమె పుస్తకం బల్ల మీద బోర్లా పెట్టి, అద్దంలోంచి తిన్నగా పలకలమ్మ వైపు చూసింది. ఆ పుస్తకంలో ఏముందో వచ్చేవారం.